వైజాగ్ ప్రయాణమూ, పేరు లేని ప్రార్థన చీటీ

సహోదరులారా, సహోదరీలారా, నన్ను ఇవాళ మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను, దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్ వార్డెన్‌గా తొమ్మిదేళ్ళు అరిచీ అరిచీ నాకు మైకు అక్కర్లేకుండా పోయింది. నా పేరు కృప, మీలో చాలామందికి నేను తెలుసు, నాకు కోపం ఎక్కువని కూడా తెలుసు, ఈ సాక్ష్యం మధ్యలో కూడా అది వస్తుంది, ఎవరి మీద వస్తుందో నాకే తెలియదు, ముందే క్షమించేయండి.

మా ఆయన ప్రకాశ్ ఏసీ మెకానిక్. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, పదిహేనేళ్ళు ఒకరి కింద పనిచేసి, చివరికి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలో సొంతంగా షాపు పెట్టుకున్నాడు, పాత ఏసీలు కొని బాగుచేసి అమ్మే షాపు. పెట్టిన ఏడో నెలలో వానలొచ్చాయి. అవేం వానలండీ బాబూ! చెరువు నిండి నీళ్ళు వీధిలోకి, వీధిలోంచి షాపులోకి వచ్చేసి, మేం వెళ్ళి షట్టరు ఎత్తేసరికి బాగుచేసి తుడిచి పెట్టుకున్న ఏసీలన్నీ నడుములోతు బురదనీళ్ళలో ఉన్నాయి. ఆయన ఆ నీళ్ళలో నిలబడి ఒక్కోదాని మీదా చెయ్యి వేసి చూస్తున్నాడు, చచ్చిపోయిన గేదెని తడిమి చూసినట్టు. నేను గుమ్మంలో నిలబడి "ఇన్సూరెన్స్ చేయించమని చెప్పానా లేదా" అని అరుస్తున్నాను. చూశారా, అలాంటి మనిషిని నేను!

అప్పటికే బ్యాంకులో తీసుకున్నాం, ఒక ఫైనాన్స్ వాళ్ళ దగ్గర తీసుకున్నాం, అవీ చాలక మన మందిరంలోనే లీలమ్మక్క దగ్గర చేబదులు తీసుకున్నాం. ఆమె పేరు ఆమెని అడిగే చెప్తున్నాను, "చెప్పుకో బిడ్డా, నాకేం సిగ్గు" అంది. లీలమ్మక్క సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది, ముందూ వెనకా ఎవరూ లేరు, మన్సూరాబాద్‌లో ఒక్క గదిలో ఉంటుంది. మేం పొద్దున అడిగితే మధ్యాహ్నానికల్లా బ్యాంకుకి వెళ్ళి రెండు లక్షలు తెచ్చి చేతిలో పెట్టింది, కాగితం లేదు, వడ్డీ లేదు, "ప్రభువు పేరు మీద ఇస్తున్న" అంది, అంతే.

ఆ తర్వాత మూడేళ్ళు మా ఇంట్లో అప్పే యజమాని, మేమందరం దానికి పనివాళ్ళం. ఆయన పొద్దున ఒకరి కింద, సాయంత్రం సొంతంగా, ఎండాకాలమైతే ఎల్‌బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా మిద్దెల మీదే. ఇంట్లో నా ప్రభుత్వం. బిర్యానీ బంద్, కొత్త బట్టలు బంద్, మా అమ్మాయి జెస్సీ పుట్టినరోజుకి కేకు బంద్. ఒకసారి ఆయన కొత్తపేటలో మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకొస్తే ఆ పొట్లం టేబుల్ మీద పెట్టి ప్రసంగం చేశాను, బజ్జీలు చల్లారిపోయాయి, ముగ్గురిలో ఎవరూ తినలేదు. నేను అదంతా భక్తి అనుకున్నాను సహోదరులారా! ఋణం తీర్చేదాకా నోరు కట్టుకోవడం విశ్వాసుల లక్షణమని పిల్లకి కూడా చెప్పాను.

ఫైనాన్స్ వాళ్ళ మనిషి వచ్చి గేటు ముందు నిలబడి కాలనీ మొత్తానికి వినపడేలా అరిచి, ముక్కు పిండి వసూలు చేసేవాడు, కాబట్టి వాళ్ళకి ముందు కట్టేశాం. బ్యాంకు వాళ్ళు నోటీసు పంపారు, వాళ్ళకీ కట్టేశాం. లీలమ్మక్కకి మాత్రం ఎప్పుడైనా చేతిలో మిగిలితే కొంచెం కొంచెం ఇచ్చాం. లీలమ్మక్క ఏనాడూ అడగలేదు. ఆదివారం మందిరంలో ఎదురుపడితే నేనే "అక్కా, ఇంకొంచెం ఆగాలి" అనేదాన్ని, ఆమె "కానీ బిడ్డా, ప్రభువు చూస్తడు" అనేది, నేను ఆ మాట విని హాయిగా ఇంటికొచ్చేదాన్ని. అరిచినవాళ్ళకి ముందు కట్టి, అడగని ఆమెని ఆఖర్న పెట్టాం. ఇది ఇవాళ చెప్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది, అప్పట్లో మాత్రం ఎంత సహజంగా అనిపించిందో.

పోయినేడు ఎండాకాలం అయిపోయాక మా ఆయన సెలవుల గొడవ మొదలుపెట్టాడు. నాలుగు రోజులు వైజాగ్ పోదాం, అరకు రైలు ఎక్కుదాం, జెస్సీ ఏడో క్లాసుకొచ్చింది, ఇంతవరకు సముద్రం చూడలేదు అని. అప్పుండగా విహారయాత్రలేమిటి, మనకి సిగ్గుండొద్దా అని నేను. "ఇగో చూడు కృపా, మనం బతికున్నమా, పైసలు గట్టే మిషన్లమా?" అని ఆయన. అప్పు తీరాక వెళ్దామని నేను. తీరేసరికి పిల్ల మనతో రాదని ఆయన. పళ్ళు తోముకునేటప్పుడు ఇదే గొడవ, అన్నం దగ్గర ఇదే గొడవ, ఆఖరికి మందిరానికి బండి మీద వస్తూ కూడా ఇదే గొడవ, తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి.

అలా జరుగుతుండగా ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఎల్‌బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బండి మీద కూర్చుని కూర్చునే నిద్రపోయాడు. పచ్చలైటు పడింది, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు, ఈయనకి తెలివి లేదు, బండి ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఎవరో పుణ్యాత్ముడు పట్టుకున్నాడు. మోచెయ్యి గీరుకుపోయి ఇంటికొచ్చిన మనిషిని చూసి నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది, తిట్టాల్సినంత తిట్టి, తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి, సరే వెళ్దాం అన్నాను. దసరా సెలవులకి మా హాస్టల్ పిల్లలంతా ఊళ్ళకి పోతారు, నాకూ ఖాళీ. ఆయన ఆ వారంలోనే టికెట్లు చేయించేశాడు, నేను మాట మారుస్తానని భయం.

ఇప్పుడు లీలమ్మక్కకి ఎలా చెప్పాలి? ఆమె డబ్బులో సగం ఇంకా మా దగ్గరే ఉంది. ఆమె ముందు నిలబడి "నీ బాకీ తర్వాత, ముందు సముద్రం" అని ఏ మొహంతో చెప్పను? చెప్పకుండా వెళ్తే తెలియకుండా ఉంటుందా? మందిరంలో ఆమె కనిపిస్తే పక్క వరసలోకి తప్పుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు నేనేం చేశానో వినండి, విశ్వాసులం తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని చేశాను. ఆ సంగతిని ప్రార్థన అంశంగా మార్చేశాను!

మన స్త్రీల బుధవారం కూడిక పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నెల మొదటి బుధవారం మధ్యాహ్నం ప్రతి సహోదరీ తన అవసరం ఒక చీటీ మీద పేరు లేకుండా రాసి పళ్ళెంలో వేస్తుంది, అందరం తలొకటి తీసుకుని నెలంతా ఆ అంశం కోసం ప్రార్థిస్తాం. నేను "ఒక కుటుంబం యొక్క ప్రయాణం కొరకు, ఆటంకములు తొలగునట్లు" అని రాశాను. అక్షరాలు చూసి అది నాదేనని పోల్చుకున్న సహోదరి ఒకామె ఏం ప్రయాణమని అడిగితే, "వైజాగులో కూడికలున్నాయి" అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు! ఇక చూడండి, ఒకరు అక్కడి పేదలకి పంచమని చీరలు, ఒకరు కరపత్రాలు, ఇంకొకరు అక్కడున్న తమ వదినగారింటికి ఇమ్మని పచ్చడి సీసా తెచ్చిచ్చారు. లీలమ్మక్క కొంగు ముడి విప్పి రెండు వందల నోటు నా చేతిలో పెట్టి "అక్కడ కానుకల పెట్టు బిడ్డా" అంది. మేం ఆమెకి బాకీ ఉన్న మనుషులం! ఆ నోటు తీసుకోలేక, వద్దని చెప్పలేక, పర్సులో వేసుకున్నాను.

ఆ నెలలో నేను తీసిన చీటీ రోజూ చింపే క్యాలెండరు కాగితం వెనక పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాల్లో రాసింది. "ఒక సహోదరి చేబదులిచ్చిన సొమ్ము తిరిగి రావలెను, దానితో ఆమెకు వైద్యం జరగవలెను" అని ఉంది. అది చదవగానే నాకెంత కోపం వచ్చిందనుకున్నారు! డబ్బు పట్టుకుని కూర్చున్న వాళ్ళని తలుచుకుని ఉడికిపోయాను. నెలంతా పొద్దున టిఫిన్ మానేసి మరీ ఉపవాసముండి ప్రార్థన చేశాను, అంతటితో ఆగకుండా నాలుగో బుధవారం కూడికలో అందరి ముందూ గొంతెత్తాను.

"ప్రభువా, ఆ సహోదరి నీ బిడ్డ కాదా? పుచ్చుకునేటప్పుడు చేతులు జోడించి, ఇచ్చేటప్పుడు మొహం చాటేసిన ఆ మనుషులని నీవు చూడటం లేదా తండ్రీ? వాళ్ళు తింటున్నారు, తిరుగుతున్నారు, ఆమె నొప్పితో ఉంది. వాళ్ళ కఠిన హృదయాన్ని కదిలించు ప్రభువా, వాళ్ళకి నిద్ర పట్టనివ్వకు, వాళ్ళ ప్రయాణాలని, ప్రయత్నాలని ఆపివేయి, ఆ సొమ్ము ఆమె చేతికి వచ్చేదాకా వాళ్ళని విడిచిపెట్టకు!"

ఆమెన్, ఆమెన్ అని గది మారుమోగింది. చాపల మీద కూర్చోలేక కొన్ని నెలలుగా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్న లీలమ్మక్క కూడా మెల్లగా ఆమెన్ అంది. నేను విన్నాను కూడా! కళ్ళు తుడుచుకుని లేచి ఆమె దగ్గరికే వెళ్ళి, "అక్కా, మీ ఇంట్లో పెద్ద సూట్‌కేసు ఉంది కదా, నాలుగు రోజులకి ఇస్తావా" అని అడిగాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అప్పిచ్చినామె దగ్గరే సూట్‌కేసు!

శనివారం ఆమె గదికి వెళ్ళాను. "అటక మీదున్నది బిడ్డా, నా మోకాళ్ళతోని నేనెక్కలేను, నువ్వే తీసుకో" అంది. స్టూలు వేసుకుని ఎక్కి, పెట్టె కిందికి లాగి, బరువుకి తూలి పక్కనున్న టేబుల్ పట్టుకుంటే, దాని మీద క్యాలెండరు కాగితాలు, ఒక్కోటి రెండు ముక్కలుగా కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. పైదాని మీద పెన్సిల్‌తో, అవే గుండ్రటి అక్షరాలతో, మందుల పేర్లు రాసి ఉన్నాయి. పక్కన ఆసుపత్రి ఫైలు, మోకాళ్ళ ఎక్స్‌రే. సహోదరులారా, ఆ పెట్టె నా చేతిలోంచి జారిపోయింది.

"అక్కా, క్యాలెండరు కాగితం మీద ఆ చీటీ రాసింది నువ్వా?" అన్నాను.

ఆమెకి అబద్ధం ఆడటం రాదు. తల దించుకుని, "నువ్వే తీస్తవని నాకెట్ల ఎరుక బిడ్డా? ఎవ్వలన్న తియ్యొచ్చు గదా" అంది.

"నేను అందరి ముందూ గొంతు చించుకుని ప్రార్థన చేస్తుంటే ఆమెన్ అన్నావు కదక్కా!"

"మరేం జెయ్యాలె? ప్రార్థన మంచిగనే చేసినవ్. ఆమెన్ అనకుంట ఎట్లుంట?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి నాకు కోపం వచ్చింది, ఆమె మీదే! "నోరు లేదా నీకు? నా డబ్బులు నాకియ్యి అని ఒక్కసారి అడగలేవా? మోకాళ్ళు అరిగిపోయేదాకా చీటీలు రాస్తూ కూర్చుంటావా?" అని అరిచాను. నోట్లో నాలుక లేదనుకున్న లీలమ్మక్క కూడా ఆ రోజు తిరగబడింది. "నీకు మాత్రం నోరున్నదా? గా పెట్టె ఎందుకో చెప్పు! కూడికలకా? కూడికలకైతే చేతి సంచి సాలదా? నేను అడిగితే నువ్వు మందిరానికి రావుడు మానేస్తవని భయపడ్డ. పైసలు పోతే పోయినయ్, మనుషులన్న మిగలాలె అనుకున్న. నాకు నువ్వు తప్ప ఎవరున్నరే?"

అక్కడే నేల మీద కూలబడి, కూడికలు కావు, వైజాగ్ చూడటానికి వెళ్తున్నాం అని చెప్పేశాను. పర్సులోంచి ఆ రెండు వందల నోటు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని మళ్ళీ కొంగున ముడేసుకుంది. నేను ఆమె మొహం చూడలేక ఎక్స్‌రే వైపు చూస్తూ కూర్చున్నాను. మోకాలి ఎముకలు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోయి ఉన్నాయి, అవి చదవడానికి నాకు డాక్టరు అక్కర్లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పి, ప్రయాణం మానుకుని ఆ డబ్బు ఆమెకే ఇచ్చేద్దామన్నాను. ఆయన ఏమంటాడనుకున్నారు, వెంటనే స్తోత్రం అంటాడనా? అన్నం ముందునుంచి లేచిపోయాడు. "మూడేండ్లు, కృపా! మూడేండ్లల్ల నాలుగు రోజులు అడిగిన" అని మెట్ల మీద వెళ్ళి కూర్చున్నాడు. జెస్సీ సర్దుకున్న బట్టలు మళ్ళీ బీరువాలో పెడుతూ తలుపులు ధన్ ధన్ కొట్టింది. ఆయనది తప్పని నేను అనలేను, నిద్ర లేక రోడ్డు మీద పడిపోయిన మనిషి. ఆమెది తప్పని అసలే అనలేను. అంతా కలిపి చూస్తే తప్పు నాదే, దాన్ని ఎటు నెట్టుదామన్నా ఖాళీ దొరకలేదు.

కాసేపటికి ఆయన లోపలికొచ్చి, కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాడు. ఆయన పైకి ప్రార్థన చేసే మనిషి కాదు, ఎప్పుడూ నేనే చేస్తాను. ఆ రోజు నన్ను చెయ్యెత్తి ఆపి ఆయనే చేశాడు, ఆ ప్రార్థన నాకు మాటకి మాట గుర్తుంది.

"ప్రభువా, నాకు కోపమొస్తున్నది, నీతోని దాస్తలేను. నేను తాగినోణ్ణి గాను, తిరిగినోణ్ణి గాను, నాలుగు రోజులు పండుకుందామనుకున్న, అంతే. లీలమ్మక్క పైసలు లీలమ్మక్కకే ఇస్త. ఇస్త గానీ, నవ్వుకుంట ఇయ్యమని నన్ను అడగకు. ఆమె కాళ్ళు మంచిగ చెయ్యి. నా నిద్ర సంగతి కూడ జర చూడు. ఆమెన్."

అలాంటి ప్రార్థన నేను జీవితంలో వినలేదు. ఒక్క పెద్ద మాట లేదు, ఒక్క దొంగమాట లేదు. నేను పదేళ్ళుగా మైకులో చేసిన ప్రార్థనలన్నీ దాని ముందు వెలవెలబోయాయి.

సోమవారం టికెట్లు రద్దు చేసి, వచ్చినదీ, దాచినదీ కలిపి ఇద్దరం వెళ్ళి ఆమె చేతిలో పెట్టాం. వద్దు బిడ్డా అంటుందేమో, కొంత వెనక్కిస్తుందేమో అని నా మనసులో ఒక మూల ఆశ ఉంది, దాచుకోవడం ఎందుకు! ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొత్తం లెక్కపెట్టుకుని, కొంగున కట్టుకుని, మా ఇద్దరి వైపు చూసి, "మిగిలినయి ఎప్పుడిస్తరు?" అని అడిగింది.

సహోదరులారా, నా విడుదల అదే! ఆమె అడిగింది! మూడేళ్ళలో మొదటిసారి ఆమె అడిగింది, మేం చెప్పాం, ప్రతి నెలా ఐదో తారీకు ఇంత అని ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. ఆమెని చూస్తే పక్క వరసలోకి తప్పుకునే నా బతుకు ఆ పూటతో పోయింది. మా ఆయన కూడా బయటికొచ్చాక "పానం నిమ్మళమైందే" అన్నాడు.

ఆ దసరా సెలవులకి ఎక్కడికీ వెళ్ళలేదు. మా ఆయన నాలుగు రోజులూ ఫోను ఆపేసి ఇంట్లో పడుకున్నాడు, నేను ఒక్క మాట అనలేదు, గ్యాస్ స్టవ్ బాగుచెయ్యమని కూడా అనలేదు, అది నాకు ఉపవాసం కన్నా కష్టమైంది. జెస్సీకి వారం రోజులు నామీద కోపం తగ్గలేదు, తగ్గాలని నేనూ అడగలేదు. ఆ తర్వాత నెలలో లీలమ్మక్కకి కుడి మోకాలి ఆపరేషన్ జరిగింది, ఆసుపత్రిలో పక్కన నేనే ఉన్నాను. మొదటి రోజు నడిపించినప్పుడు ఆమె నన్ను తిట్టిన తిట్లు నేను మా హాస్టల్ పిల్లల్ని కూడా ఏనాడూ తిట్టలేదు. దేవునికే మహిమ!

ఈ ఏడు మా ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి చీటీ రాయలేదు. ముగ్గురం ఆమె గదికి వెళ్ళి, "అక్కా, ఇంకా బాకీ ఉంది, మేం వైజాగ్ వెళ్తే నీ సొమ్ము రెండు నెలలు ఆలస్యమవుతుంది, నీకు ఇబ్బందైతే మానేస్తాం" అని మొహం మీదే అడిగాం. ఆమె మొహమాటానికి సరే అనలేదు. వారం ఆలోచించి, "రెండు నెల్లంటే కాదు, ఎడమ కాలికి నాకు పైసలు కావాలె. ఒక్క నెల ఆగుత. నాలుగు రోజులు గాదు, రెండు రోజులు పోయిరండ్రి" అంది. రెండు రోజులే వెళ్ళాం. అరకు రైలు కుదరలేదు, సముద్రం మాత్రం చూశాం. మా ఆయన ఇసకలో తువ్వాలు పరుచుకుని పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయాడు, నేనూ జెస్సీ తడిసి ముద్దై మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఒక్క క్షణం కూడా నాకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు, ఎందుకంటే మేం ఎక్కడున్నామో అప్పిచ్చినామెకి తెలుసు.

అప్పుండగా సెలవులకి వెళ్ళొచ్చా అని నన్ను ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నన్నెందుకు అడుగుతారండీ! ఎవరికి బాకీ ఉన్నారో వాళ్ళని అడగండి! మనుషులతో చెప్పాల్సిన మాట దేవుడికి చెప్పి, దేవుడే వాళ్ళకి చేరవేస్తాడని కూర్చుంటే, పాపం ఆయన మాత్రం ఎన్నాళ్ళు మోస్తాడు? ప్రార్థన చెయ్యండి, ధైర్యం కోసం చెయ్యండి, ఆయన ఇస్తాడు, నాలాంటి నోటి దురుసు మనిషికీ ఇచ్చాడు, నోరు లేని లీలమ్మక్కకీ ఇచ్చాడు. మీలో ఎవరైనా ఈ మందిరంలోనే ఒకరిని చూసి పక్క వరసలోకి తప్పుకుంటుంటే, ప్రభువుని నమ్ముకుని ఇవాళే ఆ మనిషి ఉన్న వరసలోకి నడవండి. తిట్లు పడితే పడతాయి, ఆ తర్వాత మాత్రం గుండె తేలికవుతుంది, నేను అనుభవించి చెప్తున్నాను.

లీలమ్మక్కా, ఇంకా నాలుగు నెలల బాకీ ఉంది, అందరూ వింటుండగా చెప్తున్నాను. ఏ నెలైనా ఐదో తారీకు దాటిందంటే, ఇంట్లో కూర్చుని ఏడవొద్దు, చీటీ రాయొద్దు, ఇదే మందిరంలో అందరి ముందూ లేచి నిలబడి, "కృపా, నా పైసలేవి?" అని అడుగు. నీకు లేచి నిలబడే కాళ్ళిచ్చిన దేవునికే మహిమ!